మూడు చుక్కలు, ఒక పెనం: ద్రవాల్లో అణువుల పట్టు ఎంత?

[దృశ్యం: చల్లటి నాన్‌స్టిక్ పెనం, పైనుంచి. పక్కపక్కనే మూడు చుక్కలు పడతాయి: నీళ్లు, వేరుశనగ నూనె, సర్జికల్ స్పిరిట్.]

స్టవ్ వెలిగించలేదు, వెలిగించను కూడా. ఈ మూడింట్లో ఒకటి స్పిరిట్. మంట దగ్గర దాంతో ఆటలొద్దు.

ఒక్క ప్రశ్న. ఈ మూడు ద్రవాల్లో దేని అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి? వీడియో ఆపి, మనసులో ఒక పేరు అనుకోండి.

[దృశ్యం: వేగం పెంచిన వీడియో. స్పిరిట్ చుక్క అంచుల నుంచి కుంచించుకుపోతుంది.]

మొదటి పరీక్ష, ఎవరు ముందు ఆరిపోతారు? స్పిరిట్ కాసేపట్లోనే మాయం. నీటి చుక్క చాలాసేపు కూర్చుని, తర్వాత ఆరింది. నూనె చుక్క మాత్రం రేపు పొద్దున లేచి చూసినా అక్కడే ఉంటుంది.

రెండో పరీక్ష. కొత్త చుక్కలు వేసి, పెనం కొంచెం వంచుతున్నా. నీళ్లు జర్రున జారిపోయాయి. నూనె బద్ధకంగా కదులుతోంది. రెండుసార్లూ నూనెదే గెలుపు కదా?

[దృశ్యం: కెమెరా పెనం అంచు దగ్గరికి, పక్కనుంచి దిగుతుంది. కొత్తగా వేసిన మూడు చుక్కలు.]

ఇప్పుడు పక్కనుంచి చూడండి. తామరాకు మీద బొట్టులా నీటి చుక్క గుండ్రంగా నిలబడింది. నూనె చుక్క చదునైపోయింది. స్పిరిట్ అయితే చాపలా పరుచుకుంది. తమను తాము దగ్గరికి లాక్కోవడంలో నీళ్లే మొనగాడు, నూనె ఎక్కడో వెనక.

పట్టు ఒక్కటే అయితే ఫలితాలు ఇలా తారుమారు ఎందుకవుతున్నాయి? ఈ తిరకాసు విప్పడమే ఇవాళ మన పని.

[దృశ్యం: బొమ్మల్లో నీటి అణువులు. ఒక పెద్ద ఆక్సిజన్, రెండు చిన్న హైడ్రోజన్లు.]

ముందు ఒక అపోహ పక్కన పెడదాం. నీళ్లు ఆవిరైతే నీటి అణువు విరిగిపోదు. ఆక్సిజన్, హైడ్రోజన్ల మధ్య ఉన్నది వెల్డింగ్ లాంటి బంధం. ఒక మోల్ (అణువుల్ని లెక్కపెట్టే పెద్ద డజను లాంటిది) లెక్కన దాన్ని తెంచాలంటే సుమారు 460 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య ఉండే పట్టు అలాంటిది కాదు, ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బొమ్మ అంటుకున్నట్టు ఉంటుంది. ఊడుతుంది, మళ్లీ అంటుకుంటుంది. ద్రవాన్ని ద్రవంగా ఉంచేది ఈ రెండో రకం పట్టే.

నీళ్లలో ఈ పట్టు పేరు హైడ్రోజన్ బంధం. ఆక్సిజన్ కొంచెం ఆశపోతు. ఎలక్ట్రాన్లను తన వైపు గుంజుకుంటుంది. దాంతో హైడ్రోజన్ వైపు కాస్త ధనావేశం మిగిలి, అది పక్క అణువులోని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. దీని బలం మోల్‌కి 20 కిలోజౌళ్ల దరిదాపుల్లో ఉంటుంది. వెల్డింగ్ ముందు ఇది ఏ మూలకీ రాదు, నిజమే. కానీ ఇది లేకపోతే ఏమయ్యేదో చూడాలంటే ఆక్సిజన్ తీసేసి, మూలకాల పట్టికలో దాని కిందింటి సల్ఫర్‌ని పెట్టి చూడండి. అదే హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసన. నీటి కన్నా దాదాపు రెట్టింపు బరువైన అణువు. అయినా మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. నీళ్లది 100 డిగ్రీలు. ఆ 160 డిగ్రీల తేడా మీదే మన చెరువులు, కుండలు, రక్తం, అన్నీ నిలబడి ఉన్నాయి.

[దృశ్యం: నూనె అణువు. మూడు పొడవాటి తోకలు ఊగుతుంటాయి.]

నూనెలో ఆ హైడ్రోజన్ బంధం లేదు. అక్కడ ఉన్నది ఇంకా బలహీనమైన పట్టు. ఎలక్ట్రాన్లు ఒక్కచోట కుదురుగా ఉండవు. ఒక క్షణం ఇటు ఒరిగితే పక్క అణువులోవి అటు ఒరుగుతాయి, ఆ క్షణానికి ఆ రెండూ ఆకర్షించుకుంటాయి. 1930లో ఫ్రిట్జ్ లండన్ క్వాంటమ్ లెక్కలతో దీన్ని వివరించాడు, అందుకే లండన్ బలాలు అంటారు. లండన్ అంటే ఊరు కాదు, మనిషి పేరు. ఇంటర్ చదివే రోజుల్లో నేను ఊరే అనుకున్నా.

మరి ఇంత బలహీనమైన పట్టుతో నూనె రెండు పరీక్షలు ఎలా గెలిచింది?

[దృశ్యం: రెండు గిన్నెలు. ఒకదాంట్లో కందిపప్పు, రెండోదాంట్లో ఉడికించిన సేమియా.]

సేమియా వల్ల! కందిపప్పులోంచి ఒక గింజ తీయండి, ఇట్టే వచ్చేస్తుంది. సేమియా ముద్దలోంచి ఒక్క పోగు లాగండి, పక్క పోగులన్నీ వెంట వస్తాయి. ఒక్కో చోట అంటుకున్నది కొంచెమే, కానీ అంటుకున్న చోట్లు బోలెడు. నీటి అణువులో పరమాణువులు మూడే. వేరుశనగ నూనె అణువులో ఒక్క కార్బన్లే 50కి పైన. ఆ అణువు గాల్లోకి ఎగరాలంటే ఆ చోట్లన్నీ ఒకేసారి ఊడాలి. అందుకే నూనె ఆరదు. ఒకదాని మీద ఒకటి జారాలన్నా తోకలు చిక్కుపడతాయి. అందుకే మన గది వేడిలో నూనె నీటి కన్నా 50 రెట్లకు పైగా చిక్కన. ఈ చిక్కదనాన్నే పుస్తకాల్లో స్నిగ్ధత అంటారు.

మాటల్లో మాట. మన వంటింట్లో నీళ్లు "మరిగాయా" అంటారు, నూనె "కాగిందా" అంటారు. ఎంత సరైన మాటో! నూనె వంట వేడికి మరగదు. ఇంకా వేడెక్కిస్తే పొగ వచ్చి, అణువే విరగడం మొదలవుతుంది. అంటే పక్కవాళ్లతో పట్టంతా వదిలేలోపే లోపలి వెల్డింగ్ ఊడుతోందన్నమాట. బజ్జీ వేసినప్పుడు వచ్చే బుడగలు పిండిలోని నీళ్లవి. నరకంలో సలసల మరిగే నూనె కథలు వేరే లెక్క.

[దృశ్యం: నీటి చుక్క అడ్డుకోత. లోపలి అణువుకి అన్ని వైపులా బాణాలు, పైదానికి పక్కలకీ కిందకీ మాత్రమే.]

చుక్క ఆకారం దగ్గర మాత్రం లెక్క మారుతుంది. చుక్క లోపలున్న అణువుని అన్ని వైపులా చుట్టాలు లాగుతుంటారు. ఉపరితలం మీదున్న దానికి పైన ఎవరూ లేరు. అందుకే ద్రవం తన ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది. అదే తలతన్యత. ఇక్కడ అణువు ఎంత పొడవన్నది లెక్కలోకి రాదు, అంగుళం మేర ఉపరితలంలో ఎంత పట్టు ఉందన్నదే లెక్క. నీళ్లలో అంగుళం నిండా చిన్న చిన్న అణువులు, బలమైన పట్లు. నూనెలో అంగుళం నిండా ఆ బలహీనమైన తోకలే. 20 డిగ్రీల దగ్గర నీటికి మీటరుకి 72.8 మిల్లీన్యూటన్లు, నూనెకి 30 పైచిలుకు, స్పిరిట్‌లో ఉండే ఆల్కహాల్‌కి 22.

అన్నట్టు, మందు సీసాతో వచ్చిన డ్రాపర్‌ని ఇంకో మందుకి వాడొద్దని ఎందుకంటారు? డ్రాపర్ కొనకి చుక్కని వేలాడదీసేది ఈ తలతన్యతే. నీళ్లకి మిల్లీలీటరుకి 20 చుక్కల లెక్క. అదే డ్రాపర్‌లో ఆల్కహాల్ పోస్తే చుక్కలు చిన్నవవుతాయి, అదే మిల్లీలీటరుకి చాలా ఎక్కువ చుక్కలు పడతాయి.

[దృశ్యం: గిన్నెలో నీళ్లు, మీద మిరియాల పొడి. సబ్బు అంటిన వేలు ముంచగానే పొడి అంచులకి పరుగెత్తుతుంది.]

ఈ ఆట మీరు చూసే ఉంటారు. సబ్బు అణువుకి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నూనె తోక లాంటిది. నీటి మీద చేరగానే తోకలన్నీ గాల్లోకి నిక్కుతాయి. అంటే నీళ్లు పైకి నూనె వేషం వేసుకున్నట్టే, తలతన్యత కూడా నూనె దరిదాపులకి పడిపోతుంది. సబ్బు పడని వైపు నీటి లాగుడు ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి మిరియాలు అటు పరుగెత్తాయి.

నీటి మీద చేరే జిడ్డు, సబ్బు లాంటివాటి సంగతిని పద్ధతిగా కొలిచిన మనిషి ప్రొఫెసర్ కాదు. 1862లో పుట్టిన ఆగ్నెస్ పాకెల్స్, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఇల్లు చూసుకుంటూ ఉండేది. ఆడపిల్లలకి అక్కడ యూనివర్సిటీ తలుపులు మూసి ఉన్న కాలం. ఒక రేకు తొట్టి, దాని మీద జరిపే పట్టీ, చిన్న త్రాసు, ఇవే ఆమె పరికరాలు. 1891 జనవరిలో తన ఫలితాలను ఉత్తరంగా రాసి ఇంగ్లండ్‌లోని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి పంపింది. ఆయన దాన్ని నేచర్ పత్రికకి పంపాడు, మార్చిలో అచ్చయింది. గిన్నెలు తోమే నీళ్లను ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు ఇంకెవరున్నారు!

[దృశ్యం: స్టవ్ మీద బెల్లం పాకం. గరిటె నుంచి తీగ సాగుతుంది. ఇది వేరే రోజు తీసిన వీడియో.]

హైడ్రోజన్ బంధం, పెద్ద అణువు, రెండూ ఒకేచోట చేరితే? పాకం. చక్కెర అణువుకి హైడ్రోజన్ బంధం వేసే కొక్కేలు ఎనిమిది. నీళ్లు ఎక్కువున్నంతసేపూ ఆ కొక్కేలు నీటి అణువులనే పట్టుకుని తిరుగుతాయి, పాకం పల్చగా ఉంటుంది. నీళ్లు ఇగిరేకొద్దీ ఒక చక్కెర అణువు ఇంకో చక్కెర అణువుని పట్టుకుంటుంది. తీగ పాకం, తర్వాత ఉండ పాకం. అరిసెలకి పాకం చూసేటప్పుడు చల్లనీళ్లలో చుక్క వేసి వేళ్లతో ఉండ చేస్తారే, అది అచ్చంగా స్నిగ్ధత పరీక్ష. పొయ్యి మీదుండగా చూస్తే మోసపోతాం. వేడికి అణువులు గింజుకుంటాయి, పట్టు సడలుతుంది, ముదిరిన పాకం కూడా లేతగా కనిపిస్తుంది. చల్లనీళ్లు అసలు సంగతి చెప్పేస్తాయి.

[దృశ్యం: చలికాలం ఉదయం. అల్మరాలో రెండు సీసాలు. కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టి, పక్కన వేరుశనగ నూనె మామూలుగా.]

చివరిగా ఒక చిక్కు. తోక పొడవైతే పట్టు ఎక్కువ అన్నాను. కొబ్బరినూనెలో తోకలు చాలావరకు 12, 14 కార్బన్లవి. వేరుశనగ నూనెలో ఎక్కువగా 18. నా లెక్క ప్రకారం ముందు గడ్డకట్టాల్సింది వేరుశనగ నూనె. కానీ 24 డిగ్రీల దగ్గరే బిగుసుకుపోయేది కొబ్బరినూనె.

కారణం వంకర. కొబ్బరినూనె తోకలు దాదాపు అన్నీ తిన్నగా ఉంటాయి. అగ్గిపుల్లల్లా పక్కపక్కన సర్దుకుంటాయి. వేరుశనగ నూనె తోకల్లో ఎక్కువవాటికి మధ్యలో జంట బంధం (రెండు కార్బన్ల మధ్య ఒకటి బదులు రెండు బంధాలు) ఉంటుంది. అక్కడ తోక మోకాలు దగ్గర మడిచినట్టు వంగుతుంది. వంగిన పుల్లల్ని కట్ట కట్టడానికి చూడండి, మధ్యలో సందులు మిగిలిపోతాయి. లండన్ పట్టు చాలా దగ్గరికి వస్తేనే పనిచేస్తుంది, కొంచెం ఎడం జరిగినా తుస్సుమంటుంది. పొడవు ఉండి కూడా దగ్గరికి రాలేకపోవడంతో వేరుశనగ నూనె డిసెంబర్‌లోనూ ద్రవంగానే ఉండిపోతుంది.

[దృశ్యం: కొబ్బరినూనె సీసాని కిటికీలో ఎండ పడే చోట పెడతారు. అంచుల దగ్గర తెలుపు కరిగి, మధ్యలో గడ్డ నెమ్మదిగా చిన్నదవుతుంది.]