నాలుగు సెకన్ల పందెం, ఏడాది పొడుగునా బిల్లులు

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఆటోనగర్‌లో రేసు బైకుల ఇంజిన్లు కట్టే మేస్త్రి, మోటారు క్రీడల లెక్కలు చూసే ఆడిటర్, పోటీలకు ముందు బండ్లను తనిఖీ చేసే స్క్రూటినీర్.)

యాంకర్: నమస్కారం. డ్రాగ్ రేసు, అంటే సూటి దారిలో రెండేసి బండ్లు పోటీపడే పందెం, వీడియోలు చూసిన మన కుర్రాళ్ల ప్రశ్న ఒకటే. నాలుగు సెకన్లు బండి తోలి వాళ్లు ఎంత సంపాదిస్తారు? ఆడిటర్ గారూ, మీరు మొదలుపెట్టండి.

ఆడిటర్: ముందు ఎంత తగలేస్తారో చూద్దామండి, రాబడి సంగతి తర్వాత. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పోటీల్లో అన్నిటికన్నా పై తరగతి టాప్ ఫ్యూయల్. 2008 దాకా పూర్తి క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు తోలేవారు. ఆ ఏడాది డ్రైవరు స్కాట్ కలిట్టా ట్రాకు మీదే చనిపోయాక 1,000 అడుగులకు, 305 మీటర్లకు కుదించారు. 3.7 సెకన్లు అటూఇటూగా అయిపోతుంది. ట్యాంకులో పోసేది 90 శాతం నైట్రోమీథేన్ (నైట్రో అంటారు). టైర్లు వేడెక్కించే బర్నవుట్‌తో కలిపి ఒక్క పరుగుకు 12 నుంచి 15 గ్యాలన్లు తాగుతుంది, మన లెక్కలో 45 నుంచి 57 లీటర్లు.

మేస్త్రి: ఇంధనాన్ని అట్లా ఉంచండి, ఇంజిన్ సంగతి చూడండి. 8.2 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, పైన గాలిని బలంగా లోపలికి నెట్టే సూపర్‌చార్జర్. ఒక్క పరుగు అయ్యాక హెడ్లు దించుతారు, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు బయటికి లాగుతారు, బేరింగులు మారుస్తారు, ఆయిలు పారబోస్తారు, క్లచ్ ప్లేట్లు తీసేసి వేరే సెట్టు వేస్తారు. రౌండుకీ రౌండుకీ మధ్య గంటో, గంటుంబావో దొరికిద్ది. అందులోనే ఇదంతా అయిపోవాలి.

యాంకర్: ఒక్కసారి తోలినందుకే అంత పనా?

మేస్త్రి: ఒక్కసారికే. నైట్రోలో ఆక్సిజన్ దానిలోనే ఉండిద్ది. అందుకని అంతే గాలికి పెట్రోలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇంధనం పట్టించొచ్చు. ఆ ఒత్తిడంతా రాడ్డు బేరింగుల మీదే పడిద్ది. సిలిండరుకు రెండేసి చొప్పున 16 ప్లగ్గులు, వాటి మొనలు దారి మధ్యలోనే అరిగి కరిగిపోతాయి. ఆ తర్వాత కంప్రెషన్ వేడికే మండిద్ది. ప్లగ్గు అంతకన్నా ముందే చచ్చిందనుకోండి, ఆ సిలిండర్లో మండని ఇంధనం నీళ్లలా నిండిద్ది. ద్రవాన్ని పిస్టన్ నొక్కలేదు కదా, రాడ్డు వంగిద్ది. ఆలస్యంగా అంటుకుందా, హెడ్డో సూపర్‌చార్జరో లేచిపోయిద్ది. ఇంకోటి, టైరు జారితే ఇంజిన్ మీద లోడు ఉండదు, ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరిద్ది. డ్రైవరు కాలు తీయడం ఆలస్యమైతే ఆ ఇంజిన్ ఇంక తూకానికే.

స్క్రూటినీర్: అలా పగిలినప్పుడు ఆయిలు ట్రాకు మీద పడితే దానికి జరిమానా, పాయింట్ల కోత వేరే. అందుకే ఇంజిన్ కింద బెల్లీపాన్ లాంటి తొట్టి కట్టమంటారు.

ఆడిటర్: ఇప్పుడు కూడదాం. అర్హత పరుగులు నాలుగనుకోండి. 16 మంది నుంచి ఫైనల్ దాకా ఇంకో నాలుగు రౌండ్లు. గెలిచినవాడు ఎనిమిదిసార్లు విప్పి కట్టాలి, మొదటి రౌండులోనే ఇంటికి పోయినవాడు ఐదుసార్లు. ఖర్చులో తేడా అంతే, బహుమతిలో తేడా మాత్రం చాలా పెద్దది. పైగా ఎనిమిది పదిమంది సిబ్బంది జీతాలు, లారీలు, హోటళ్లు. ఏడాదికి సుమారు 20 పోటీలు. ప్రైజు డబ్బుతోనే సీజనంతా నడవాలనుకునే టాప్ ఫ్యూయల్ జట్టు ఎక్కువకాలం నిలవదు. ఆ లోటు పూడ్చేది స్పాన్సర్.

యాంకర్: స్పాన్సర్ వెళ్లిపోతే?

ఆడిటర్: డ్రైవరు ఎంత గొప్పవాడైనా బండి షెడ్డులోనే. టోనీ షూమాకర్ ఎనిమిదిసార్లు టాప్ ఫ్యూయల్ చాంపియన్. 2000 నుంచి 2018 దాకా ఆయన బండి మీద అమెరికా సైన్యం పేరుండేది. అది ఆగాక 2019 సీజన్ నడపలేకపోయాడు. 16 టైటిళ్ల జాన్ ఫోర్స్‌కు కూడా 2014 సీజన్ అయ్యాక క్యాస్ట్రాల్, ఫోర్డ్ రెండూ ఒకేసారి దూరమయ్యాయి. ఆయన కొత్తవాళ్లను వెతుక్కున్నాడు కాబట్టి నిలిచాడు. డ్రైవర్లలో మూడు రకాలుంటారు: జీతానికి తోలేవాడు, జట్టు యజమాని తానే అయినవాడు, సీటు కోసం తనే డబ్బు తెచ్చేవాడు. మూడోవాణ్ని కూడా జనం ప్రొఫెషనల్ అనే అంటారు. పాపం, వాడి ఖాతాలోకి వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ.

స్క్రూటినీర్: స్పాన్సర్ ఎందుకిస్తాడో కూడా చెప్పాలండి. అక్కడ మామూలు టికెట్ కొన్న ప్రేక్షకుడు కూడా ఇంజిన్ విప్పే చోటికి వెళ్లి నిలబడొచ్చు. కంపెనీలు తమ డీలర్లను, పెద్ద కస్టమర్లను అక్కడికే పిలిచి భోజనాలు పెడతాయి. వాళ్లు కొనేది ఆ చనువు. స్టిక్కర్ డబ్బు ఇంకో దారి. ఫలానా ప్లగ్గో ఆయిలో వాడి, దాని స్టిక్కర్ నిర్ణీత చోట అంటించి గెలిస్తే ఆ కంపెనీ కొంత ఇస్తుంది. తనిఖీలో స్టిక్కర్ లేకపోతే గెలిచినా రూపాయి రాదు.

యాంకర్: అయితే సొంతంగా బతికేవాళ్లు ఎవరూ లేరా?

మేస్త్రి: ఉన్నారు, బ్రాకెట్ రేసింగులో. మీ బండి ఎన్ని సెకన్లలో పోయిద్దో మీరే ముందు రాసివ్వాలి. ఒకడు 11.20 అన్నాడు, ఇంకొకడు 9.80 అన్నాడు. నెమ్మది బండికి 1.40 సెకన్ల ముందు పచ్చలైటు పడిద్ది. రాసిచ్చినదాని కంటే వేగంగా పోతే బ్రేకవుట్, అవతలివాడు కూడా అదే తప్పు చేయకపోతే మీరు ఓడినట్టే. కాబట్టి గుర్రపుశక్తి కంటే ఒకే తీరు ముఖ్యం. ఇంజిన్ని దాని హద్దులో ఉంచుతారు, రోజూ విప్పక్కర్లా. గాలిలో తేమ, వేడి పెరిగితే బండి ఎంత నెమ్మదిస్తదో పుస్తకంలో రాసుకుంటారు.

ఆడిటర్: ప్రైజు చాలావరకు ఎంట్రీ ఫీజుల్లోంచే వస్తుంది, మన చీటీపాటలా. 1996లో మొదలైన మిలియన్ డాలర్ రేసు కూడా ఈ బాపతే. ఆఖర్లో మిగిలిన నలుగురైదుగురు ముందే మాట్లాడుకుని డబ్బు పంచుకోవడం అక్కడ మామూలు. రిస్కు తగ్గించుకునే తెలివి అది, నేను తప్పు పట్టను.

యాంకర్: మన దగ్గరికొద్దాం. ఇక్కడి కుర్రాడి సంగతేమిటి?

స్క్రూటినీర్: మన దేశ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్ ముందు కావాలి. మన దగ్గర డ్రాగ్ అంటే ఎక్కువగా బైకులే. మాకు దగ్గరి ట్రాకు చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై. పలుమార్లు జాతీయ చాంపియన్ అయిన హేమంత్ ముద్దప్ప వెనక కూడా మంత్ర రేసింగ్ అనే జట్టుంది. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) పొడిగించిన బండిని రోడ్డు మీద తోలడం చట్టవిరుద్ధం, బండి ఎక్కించుకునే తీసుకెళ్లాలి. మామూలు ఇన్సూరెన్సు పాలసీ రేసులో జరిగిన నష్టానికి వర్తించదు. కరకట్ట మీదో, అమరావతి రోడ్ల మీదో పందేలు కడితే మోటారు వాహన చట్టం 189వ సెక్షను కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

ఆడిటర్: ఇక్కడ స్పాన్సర్ చాలాసార్లు డబ్బు ఇవ్వడు. ఆయిలు డబ్బాలు, టైర్లు ఇస్తాడు. వాటితో లారీ కిరాయి కట్టలేం కదండీ. బందరు రోడ్డులో షాపు ఉన్నాయన అడిగేది ఒకటే: దీనివల్ల నా కౌంటరుకు ఎంతమంది వస్తారు? ఆ జవాబు లేకుండా ఫొటోల ఆల్బం పట్టుకెళ్తే కాఫీ ఇచ్చి పంపిస్తాడు.

మేస్త్రి: నిజంగా డబ్బొచ్చేది రేసు నుంచి కాదు, షెడ్డు నుంచి. పోటీలో టైమింగ్ స్లిప్పు (పరుగు టైము చూపే కాగితం) బాగుంటే ఈసీయూ రీమ్యాపింగుకు, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే పనికి, క్లచ్ పనికి బళ్లొస్తాయి. కొత్త కుర్రాడైతే ఇంజిన్ జోలికి పోవద్దు. స్టాక్ తరగతిలో, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్న బండ్ల తరగతిలో దిగి మొదటి 60 అడుగుల టైము మీద పనిచేయాలి. వెనక స్ప్రాకెట్ ఒక పన్నో రెండు పళ్లో పెంచి చూడొచ్చు. మరీ పెంచితే ముందు చక్రం లేచిద్ది, గేర్లు కూడా ముందే అయిపోతాయి.

యాంకర్: ఒక్క పోటీకి మన ఊరి నుంచి వెళ్లొస్తే?

ఆడిటర్: రానూపోనూ 900 కిలోమీటర్లు. పికప్ వ్యాన్ లీటరుకు 12 ఇస్తే 75 లీటర్ల డీజిలు. లీటరు 97 అనుకుంటే 7,275 రూపాయలు. రెండు రోజుల్లో ఆరు పరుగులు దొరికితే ఒక్కో పరుగు మీద డీజిలే 1,200 పైచిలుకు. టోళ్లు, గది, తిండి, ఎంట్రీ ఫీజు వేరే.

యాంకర్: ఇంకా బండి స్టార్టే చేయలేదు మనం!

మేస్త్రి: చేసేముందు ఇంకో మాట. క్లచ్ ప్లేట్ల సెట్టు, క్లచ్ స్ప్రింగులు, కేబులు, చైన్ లింకు ఇక్కడే కొని వ్యానులో వేసుకోండి. లాంచులో, అంటే బయలుదేరేటప్పుడు, క్లచ్ కాలిందంటే ఆదివారం నాడు ఆ ట్రాకు దగ్గర షాపు వెతుక్కునేసరికి మీ రౌండు అయిపోయిద్ది.