తీరం కనిపిస్తున్నా లైఫ్‌రాఫ్ట్ కావాలా?

మిత్రులారా, నమస్కారం.

చిన్న యాట్‌లో, అంటే విహార పడవలో, తీరం వెంబడే తిరిగేవాళ్లు తరచూ అడుగుతుంటారు: "ఒడ్డు కళ్ల ముందే ఉంటుంది కదా, మాకు లైఫ్‌రాఫ్ట్ దేనికి?" పడవను వదిలేయాల్సి వస్తే ఎక్కి ప్రాణాలు కాపాడుకునే, గ్యాస్‌తో ఉబ్బే తెప్పే లైఫ్‌రాఫ్ట్. ఒడ్డు ఎన్ని మైళ్లన్నది నాకు రెండో సంగతి. పడవ పోతే, సాయం అందేదాకా మీరు ఎంతసేపు నీళ్లలో ఉండాలి? నేను ముందు అడిగేది అదే.

బాగా చల్లటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు. పది నిమిషాలు గడిచేసరికి వేళ్లు తాడు పట్టుకోలేవు. గంట దగ్గరపడితే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. నీరు ఒంట్లోని వేడిని గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది మరి. రెండు మైళ్ల అవతలి ఒడ్డు కంటికి ఆనుతుంది గానీ ఈదితే అందదు. అందుకే నీళ్లు చల్లగా ఉండి, వేరే పడవలు పెద్దగా తిరగని తీరమైతే రాఫ్ట్ ఉండి తీరాలంటాను. వెచ్చటి నీళ్లలో, పట్టపగలు, చుట్టూ పడవలుండే చోట తిరిగేవాళ్లను మాత్రం బలవంతపెట్టను.

డబ్బు అన్నిటికీ సరిపోకపోతే ముందు లైఫ్‌జాకెట్లు, మనిషిని పడవకు కట్టి ఉంచే తాడు, సాయం కోసం పిలిచే వీహెచ్ఎఫ్ రేడియో, ఒంటిమీద ఉండి ఆపదలో మీరున్న చోటును ఉపగ్రహం ద్వారా రక్షకులకు తెలిపే చిన్న పరికరం పీఎల్‌బీ కొనండి. పడవ మీదనుంచి ఒక్కడే జారిపడితే కాపాడేవి ఇవే.

"డింగీ ఉందిగా" అంటారు కొందరు, ఒడ్డుకు వెళ్లిరావడానికి వాడే గాలి పడవను చూపించి. మడతపెట్టిన డింగీకి పంపుతో గాలి కొట్టేంత టైమ్ మునిగే పడవ ఇస్తుందా? పైన కప్పు ఉండదు, గాలికి తిరగబడకుండా అడుగున నీటి సంచులూ ఉండవు. రాఫ్ట్ అయితే తాడు లాగగానే సిలిండర్‌లోని గ్యాస్‌తో తనే ఉబ్బుతుంది. యాట్‌కు చిల్లు పడితే గుడ్డలు కుక్కి, నీళ్లు తోడి కొంతసేపు నెట్టుకు రావచ్చు. ఫైబర్‌గ్లాస్ పడవకు నిప్పంటుకుంటే ఆ వ్యవధి కూడా దొరకదు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే.

అయితే తొందరపడి రాఫ్ట్‌లోకి దూకడమూ ప్రమాదమే. 1979లో ఫాస్ట్‌నెట్ అనే యాట్ల సముద్ర పందెంలో తుఫానుకు 15 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. సిబ్బంది వదిలేసిన 24 యాట్లలో మునిగినవి 5 మాత్రమే, మిగతావి తర్వాత తేలుతూ దొరికాయి. పడవ నిజంగా కాళ్ల కింద నుంచి పోతున్నప్పుడే దాన్ని వదలాలి.

కొన్నాక ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యం. తెరచాపల కింద, లాకర్ అడుగున పడేసిన రాఫ్ట్‌లు నేను చాలా చూశాను. నలుగురికి సరిపోయే రాఫ్ట్ సంచి దాదాపు 30 కిలోలుంటుంది. మీ సిబ్బందిలో అందరికంటే బలహీనమైన మనిషి చేత ఈ వారమే దాన్ని రైలింగ్ దాకా మోయించి చూడండి. తయారీదారు చెప్పిన గడువుకు సర్వీసింగ్ చేయించండి. రాఫ్ట్ ఉబ్బడానికి లాగే తాడు రెండో కొస పడవకు గట్టిగా కట్టి ఉందో లేదో ఇవాళే చూసుకోండి. అది కట్టకుండా నీళ్లలోకి విసిరితే, రాఫ్ట్ మీరు ఎక్కకముందే గాలికి కొట్టుకుపోతుంది.