లోగో గీయించే ముందు బిల్లు కాగితం చూడండి

అందరికీ నమస్కారం.

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు డిజైనర్‌ను మొదట అడిగేది "మంచి లోగో ఒకటి కావాలి" అని. అంతకంటే ముందు ఒక కాగితం తీసుకుని, మీ పేరు ఎక్కడెక్కడ కనిపించబోతోందో రాయండి. బోర్డు, బిల్లు, ప్యాకింగ్ కవరు, ఫోన్‌లో ప్రొఫైల్ బొమ్మ, రబ్బరు స్టాంపు, సిబ్బంది చొక్కా. వీటిలో అన్నిటికన్నా ఇబ్బందిపెట్టే చోటు ఏదో తేల్చుకుని, లోగోను దానికోసం గీయించండి. అక్కడ నిలిచిందంటే బోర్డు మీద ఎలాగూ నిలుస్తుంది. చాలామంది పెద్ద స్క్రీన్ మీద రంగుల్లో చూసి మురిసిపోయి సరేనంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

బిల్లు సంగతే చూడండి. బిల్లులు కొట్టే థర్మల్ ప్రింటర్లు సిరాతో కాక వేడితో అచ్చువేస్తాయి. వాటిలో ఎక్కువ శాతం 203 డీపీఐవి (అంగుళానికి 203 చుక్కలు), అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలు. చుక్క పడుతుంది, లేదా పడదు. మధ్యలో బూడిద రంగు ఉండదు. నీలం మెల్లగా ఊదాలోకి జారే లోగోను దానికిస్తే, ఆ జారే చోటంతా మచ్చలు మచ్చలుగా వస్తుంది. అర మిల్లీమీటరు గీతకు నాలుగు చుక్కలు దక్కుతాయి, బతుకుతుంది. పావు మిల్లీమీటరు గీతకు రెండే. ప్రింటర్ వేడి కాస్త తగ్గినా తెగిపోతుంది. చొక్కా మీద కుట్టించేటప్పుడు 5 మిల్లీమీటర్ల కంటే చిన్న అక్షరాలు వద్దు, లోపలి ఖాళీలు దారంతో పూడుకుపోతాయి.

పేరును తెలుగులో రాయించుకునేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. "స్త్రీ" అనే అక్షరాన్నే చూడండి: పైన గుడిదీర్ఘం, మధ్యలో హల్లు, కింద వత్తులు. మూడంతస్తులు! బ్రౌజర్ ట్యాబ్‌లోని బొమ్మ ఎత్తు మామూలుగా 16 పిక్సెళ్లే. ఒక్కో అంతస్తుకు అయిదు పిక్సెళ్లు వస్తే వత్తు చుక్కైపోతుంది. అందుకే చిన్న సైజుల కోసం ఒక్క అక్షరాన్నో, గుర్తునో విడిగా గీయించాలి. ప్రొఫైల్ బొమ్మను చాలా యాప్‌లు గుండ్రంగా కత్తిరిస్తాయి కాబట్టి, అసలు గుర్తు చదరం వెడల్పులో మధ్య 70 శాతానికి లోబడి ఉండాలి.

మరో మాట. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే వత్తులు ఊడి, పొల్లు అక్షరాలై పక్కన పడతాయి. తెలుగు చదవడం రాని డిజైనర్‌కు అది తప్పని తెలియదు. అచ్చుకు పంపే ముందు మీరే అక్షరం అక్షరం చూసుకోవాలి.

ఇదంతా నలుపులో కుదిరాకే రంగు. ఒక ప్రధాన రంగు, దానికి తోడు ఇంకొకటి, రాతకు నలుపో ముదురు బూడిదో చాలు. స్క్రీన్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) కాంతితో, ప్రెస్ సీఎంవైకే (సియాన్, మెజెంటా, పసుపు, నలుపు) సిరాలతో పనిచేస్తాయి. ఫోన్‌లో మెరిసిపోయే ఆకుపచ్చ అచ్చులో వెలిసినట్టు వస్తే ప్రెస్ వాళ్లను తిట్టి లాభం లేదు, ఆ నాలుగు సిరాల హద్దే అంత. నునుపు పూత లేని కాగితం సిరాను పీల్చుకుని ఇంకా మందగింపజేస్తుంది. కాబట్టి మీరు నిజంగా వాడబోయే కాగితం మీద ప్రూఫ్ (నమూనా అచ్చు) చూశాకే రంగు ఖాయం చేసి, స్క్రీన్ కోసం దాని హెక్స్ కోడ్, అచ్చు కోసం సీఎంవైకే అంకెలు రెండూ రాసిపెట్టుకోండి.

రాత కనబడాలి కూడా. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, వెనకున్న రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా చూపే నిష్పత్తి) కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద పచ్చి పసుపుకు వచ్చేది 1.07:1. పసుపంటే ఇష్టమైతే దాన్ని వెనక పరిచి, మీద నల్లగా రాయించండి.

ఫాంట్‌కు వ్యాపార వాడకపు లైసెన్సు ఉందో లేదో అడగండి. నోటో సాన్స్ తెలుగు లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితమే.

కనీస సైజును ఊహతో రాయొద్దు. లోగోను 40, 30, 20, 15 మిల్లీమీటర్ల వెడల్పుల్లో ప్రింట్ తీసి చేయి చాచినంత దూరంలో పెట్టి చదవండి. ఎక్కడ తడబడ్డారో దానికి ఒక మెట్టు పైదే మీ కనీస సైజు.

చివరి చెల్లింపుకు ముందు ఫైళ్లు తెరిచి చూసుకోండి. ఎస్‌వీజీ గానీ వెక్టర్ పీడీఎఫ్ గానీ ఉండాలి, బోర్డంత పెంచినా అంచులు చెదరవు. రంగుది, నలుపుది, తెలుపుది మూడూ విడివిడిగా, వెనక ఏమీ లేని పీఎన్‌జీలతో సహా తీసుకోండి. జేపీజీ ఒక్కటే చేతికిస్తే, రంగు కవరు మీద వేసిన రోజున లోగో చుట్టూ తెల్ల డబ్బా కనిపిస్తుంది. హక్కులు మీకు బదిలీ అయినట్టు రాతపూర్వకంగా ఉండాలి, అది కూడా ఆ చెల్లింపుకు ముందే.