గేర్ బాక్స్ మళ్లీ దించే ముందు మూడు స్పీడులు చూడండి

ఆటోనగర్ షెడ్ల నుంచి, కాజీపేట, పరకాల, జనగామ వైపు నుంచి వచ్చిన మెకానిక్ అన్నలకు, ఐటీఐ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఈ మధ్య మన దగ్గరికి ఒక కొత్త రకం గిరాకీ వస్తోంది. థార్, ఫార్చ్యూనర్ లాంటి ఆటోమేటిక్ బండి కొంటారు. బలం పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్పించి రీమ్యాప్ చేయిస్తారు. ఆ ఊపులోనే ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌ను తీసేసి, హై స్టాల్ రకం తెప్పించి వేయించుకుంటారు. నెల తిరగకముందే, "అన్నా, గేర్లు లేటుగా పడుతున్నయ్, జర్క్ కొడుతున్నది, బాక్స్ పోయినట్టుంది" అంటూ వస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ మాట విని వెంటనే జాకీ పెట్టి బాక్స్ దించకండి. ముందు బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలించి ఇంజిన్ ఆర్‌పీఎం, టర్బైన్ (అంటే బాక్స్‌లోకి పోయే) ఆర్‌పీఎం, అవుట్‌పుట్ షాఫ్ట్ (అంటే బాక్స్ నుంచి బయటికి వచ్చే) ఆర్‌పీఎం, ఈ మూడూ ఒకే స్క్రీన్ మీద పెట్టి బండి నడిపించండి.

ఏఎంటీ బండ్లను కూడా జనం ఆటోమేటిక్ అనే అంటారు. వాటిలో ఉండేది మామూలు క్లచ్ ప్లేటే, దాన్ని మన కాలికి బదులు యాక్చుయేటర్ తొక్కుతుంది. వాటి సంగతి ఇంకోసారి. జేసీబీ మీద, సింగరేణి ఓపెన్‌కాస్ట్ డంపర్ల మీద చేయి తిరిగిన వాళ్లకు టార్క్ కన్వర్టర్ కొత్తేమీ కాదు కాబట్టి దాని పని క్లుప్తంగానే చెబుతాను. ఇంజిన్‌తో పాటు తిరిగే ఇంపెల్లర్ ఆయిల్‌ను టర్బైన్ మీదికి విసురుతుంది. టర్బైన్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. మధ్యలో ఉన్న స్టేటర్ తిరిగొచ్చే ఆయిల్ దారి మళ్లించి, బండి కదిలే క్షణంలో టార్క్‌ను సుమారు రెండింతలు చేస్తుంది. స్పీడ్ అందుకున్నాక లాకప్ క్లచ్ పట్టుకుంటుంది, ఇక ఇంజిన్, టర్బైన్ కలిసి ఒకే స్పీడులో తిరుగుతాయి.

టర్బైన్‌ను కదలకుండా ఆపి ఉంచితే ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం దాకా ఎక్కగలదో అది స్టాల్ స్పీడ్. అది 2000 దగ్గర ఉండేది 2600కి పోయిందనుకోండి. టర్బో తొందరగా అందుకుంటుంది, నిజమే. కానీ ఊళ్లో మామూలుగా నడిపేటప్పుడు అదే స్పీడు రావడానికి యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కాలి. పై గేర్ ఎప్పుడు వేయాలో బాక్స్ కంప్యూటర్ ముఖ్యంగా రెండింటిని చూసి నిర్ణయిస్తుంది: బండి స్పీడు ఎంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు. ఎక్కువ తొక్కితే డ్రైవర్‌కు పికప్ కావాలనుకుని గేర్ ఆలస్యం చేస్తుంది. అంటే ‘లేటుగా పడుతున్నయ్’ అని వచ్చిన బండిలో చెడిపోయింది ఏమీ ఉండకపోవచ్చు. కంప్యూటర్ ఇంకా పాత కన్వర్టర్ లెక్కలోనే ఉంది. అక్కడ కావాల్సింది పానా కాదు, ట్యూనింగ్.

ఇప్పుడు ఆ మూడు స్పీడుల సంగతి. ఇంజిన్‌కూ టర్బైన్‌కూ మధ్య తేడా కనిపిస్తే అది కన్వర్టర్ వైపు లెక్క. టర్బైన్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య తేడా అయితే బాక్స్ లోపలి క్లచ్‌ల లెక్క. ఉదాహరణకు ఒకటికి ఒకటి ఉండే గేర్‌లో హైవే మీద పోతున్నారు. లాకప్ పూర్తిగా పట్టి ఉంది. ఇంజిన్ 2000, టర్బైన్ 2000, అవుట్‌పుట్ 2000 ఉంటే అంతా బాగున్నట్టే. ఇంజిన్ 2000 ఉండి టర్బైన్, అవుట్‌పుట్ రెండూ 1800 చూపిస్తే లాకప్ జారుతోంది. ఇంజిన్, టర్బైన్ 2000 ఉండి అవుట్‌పుట్ 1700కి పడిపోతే కన్వర్టర్‌ను ఏమీ అనకండి, గేర్ క్లచ్ జారుతోంది. మిగతా గేర్లలో అవుట్‌పుట్‌ను ఆ గేర్ రేషియోతో గుణించి టర్బైన్‌తో పోల్చి చూసుకోవాలి. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే లాకప్‌ను కొద్దిగా జారనిస్తుంది, కాబట్టి 30, 40 ఆర్‌పీఎం తేడా చూసి కంగారు పడొద్దు.

స్కానర్ చూపించే తప్పుల కోడ్‌లను కూడా ఇదే లెక్కలో చదవండి. పీ0741 వచ్చిందంటే లాకప్ పట్టడం లేదని కంప్యూటర్ ఫిర్యాదు. పీ0730, దాని తర్వాత వచ్చే పీ0731 వరుస గేర్ రేషియో తప్పు అని చెబుతాయి. టర్బైన్ సెన్సర్ ఉన్న బాక్సుల్లో రేషియోను టర్బైన్ నుంచే లెక్కవేస్తారు, కాబట్టి స్టాల్ స్పీడ్ ఎంత పెంచినా ఆ కోడ్ రాకూడదు. వస్తే కారణం ఇంకో చోట ఉంది. ఆ సెన్సర్ లేని పాత బాక్సుల్లో మాత్రం ఈ సులువు లేదు.

మనం చేయి పెట్టిన చోటు ముందు చూడాలి. బాక్స్ దించి ఎక్కించినప్పుడు వైరింగ్ బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు ఆనే బాక్స్ ముందు భాగం) కింద నలిగిందా, ఎర్త్ స్ట్రాప్ తిరిగి బిగించారా, కనెక్టర్ పూర్తిగా కూర్చుందా? తప్పు కనిపించి కంప్యూటర్ బండిని ఒకే గేర్‌లో ఇరికించి, అంటే లింప్ మోడ్‌లో వచ్చిందంటే నేనైతే మొదట వీటినే అనుమానిస్తాను. కన్వర్టర్ ఎక్కించడంలోనూ ఒక పద్ధతి ఉంది. తిప్పుతూ నెడితే మెట్టు మెట్టుగా లోపలికి దిగాలి: స్టేటర్ స్ప్లైన్లు (షాఫ్ట్ మీది గాడి పళ్లు), టర్బైన్ స్ప్లైన్లు, చివరికి బాక్స్ ఆయిల్ పంపు. పంపులో కూర్చోకుండానే బోల్టులతో గుంజి బిగిస్తే పంపు గేర్ పగులుతుంది. బెల్ హౌసింగ్ ఇంజిన్‌కు చేత్తోనే ఆనాలి, కన్వర్టర్ అప్పటికీ తేలిగ్గా తిరగాలి, ఇంజిన్ వైపు ఉండే ఫ్లెక్స్ ప్లేట్‌కు దానికి మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఎంత ఉండాలో ఆ కన్వర్టర్ కాగితంలో ఉంటుంది, దాన్ని పారేయకండి. బోల్టులు కూడా కన్వర్టర్ కంపెనీ వాళ్లు చెప్పిన పొడుగువే వాడాలి. పొడుగు బోల్టు ముందు మూతను లోపలికి నొక్కుతుంది, లాకప్ పట్టే చోటు సొట్టపోతుంది. తర్వాత వచ్చే వణుకుకు ఎన్ని రకాల ఆయిల్ మార్చినా లాభం లేదు.

ఆ వణుకును పట్టడం తేలికే. మడికొండ దాటి హైదరాబాద్ రోడ్డు మీద 70, 80లో, కాలు తేలిగ్గా పెట్టి పోతుంటే వరుస స్పీడ్ బ్రేకర్లు ఎక్కినట్టు బండి గడగడలాడుతుంది. అప్పుడు ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత తాకండి. చాలా బండ్లలో లాకప్ వదిలేస్తుంది. వణుకు ఆ క్షణంలోనే ఆగితే లాకప్ వైపు చూడాలి. కానీ ఇంజిన్ మిస్‌ఫైర్ (ఏదో సిలిండర్ సరిగ్గా మండకపోవడం) కూడా లాకప్ పట్టినప్పుడే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే మధ్యలో ఆయిల్ మెత్తదనం ఉండదు. మిస్‌ఫైర్ లెక్క చూడకుండా కన్వర్టర్ వెనక్కి పంపితే అమ్మినవాడితో గొడవే మిగులుతుంది.

ఆయిల్ దగ్గర కాస్త ఆగాలి. కొత్త కన్వర్టర్ ఖాళీగా వస్తుంది, లీటర్లలో ఆయిల్ తాగుతుంది. డిప్‌స్టిక్ లేని బాక్సుల్లో ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ చెప్పిన వేడి దగ్గర ఉన్నప్పుడు ఓవర్‌ఫ్లో బోల్టు ఇప్పి లెవెల్ చూడాలి. టయోటా ఆరు గేర్ల బాక్సుల్లో చాలావాటికి అది సుమారు 40 డిగ్రీలు. మే నెలలో రామగుండంలో నీడలో నిలబడిన బండి ఆయిలే ఆ వేడి దాటి ఉంటుంది! వేడెక్కిన ఆయిల్ ఉబ్బి ఎక్కువ కారిపోతుంది, మీరు లెవెల్ సరిపోయిందనుకుని బోల్టు బిగిస్తారు, చల్లారాక తక్కువ పడుతుంది. మర్నాడు గేర్ పడటానికి ఆలస్యం, పంపు మోత. ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోండి. పాత కన్వర్టర్ అరిగి పోయిన బండి అయితే ఆయిల్ కూలర్ కడగకుండా కొత్తది వేయకండి, ఆ చెత్తంతా కొత్తదాంట్లోకే పోతుంది.

బ్రేక్ తొక్కి పట్టి, గేర్‌లో పెట్టి, యాక్సిలరేటర్ తొక్కి స్టాల్ స్పీడ్ కొలిచే స్టాల్ టెస్ట్ కుర్రాళ్లకు సరదా. చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఎవరూ లేకుండా చూసి, ఐదు సెకన్లకు మించకుండా చేయాలి. తర్వాత న్యూట్రల్‌లో రెండు నిమిషాలు చల్లారనివ్వాలి. మాన్యువల్‌లోని పాత అంకె ఇక పనికిరాదు, కొత్త కన్వర్టర్ అంకెతోనే పోల్చాలి. కొన్ని బండ్లు బ్రేక్ తొక్కి ఉంటే ఇంజిన్ బలం తామే తగ్గించేస్తాయి, అప్పుడు టెస్టు అబద్ధం చెబుతుంది.

అన్నీ సరిగ్గా ఉంటే బాక్స్ కంప్యూటర్ నడుస్తూ నేర్చుకున్న పాత అడాప్టేషన్ లెక్కలను స్కానర్‌తో చెరిపి, కంపెనీ చెప్పిన పద్ధతిలో మళ్లీ నేర్పించాలి. రెండు రౌండ్లు కొట్టి తాళాలు ఇచ్చేయొద్దు.

చివరగా వేడి. హై స్టాల్ కన్వర్టర్ జారే సమయం ఎక్కువ, జారిన ప్రతిసారీ ఆయిల్ కాగుతుంది. మేడారం జాతరకు పస్రా దాటాక గంటల తరబడి పాక్కుంటూ పోయే ట్రాఫిక్‌లో లాకప్ పట్టే స్పీడే రాదు. ఆయిల్ 120 డిగ్రీలు దాటిందంటే దాని ఆయుష్షు తొందరగా కరిగిపోతుంది. అందుకే ఈ కన్వర్టర్ వేసే ప్రతి బండికి అదనపు ఆయిల్ కూలర్ కూడా కలిపే రేటు చెప్పండి. గిరాకీ కూలర్ వద్దంటే నేనైతే కన్వర్టర్ కూడా వేయను. ఇప్పటికే వేయించుకుని ట్యూనింగ్‌కు డబ్బులు పెట్టలేనివాళ్లకు పాతది తిరిగి వేయడమే మంచిది, కాబట్టి బాగున్న పాత కన్వర్టర్‌ను పాత సామాన్ల వాడికి అమ్మకుండా పేరు రాసి షెడ్డులో పెట్టండి.

బయట ఒక బండి తెచ్చి పెట్టాం. స్కానర్ తీసుకుని పదండి, ఆ మూడు స్పీడులు చూద్దాం.