పదిహేనో గది

(హోటల్ మేనేజ్‌మెంట్ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంకో ఏడాదిలో మీలో చాలామంది ఏదో ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్లుగానో, కిచెన్‌లో ట్రైనీలుగానో చేరతారు. హౌస్‌కీపింగ్‌లో చేరినవాళ్ల చేతికి పొద్దున్నే ఒక కాగితం వస్తుంది. ఏ అంతస్తులో ఎవరు, ఒక్కొక్కరికి ఎన్ని గదులు, వాటిలో చెకౌట్లు, అంటే అతిథి ఖాళీ చేసి వెళ్లిన గదులు, ఎన్ని అన్నది అందులో మీరే రాయాలి. నేను ఆ కాగితం గురించి మాట్లాడటానికే వచ్చాను. నేను చదువుకున్నది వృత్తి ఆరోగ్యం. చేసే పని వల్ల మనిషి ఒంటికీ మనసుకూ ఏమవుతుందో చూడటం మా పని. ఆ చూపుతో చూస్తే మీరు రాసే ఆ కాగితం డాక్టరు రాసే చీటీకి ఏమాత్రం తీసిపోదు. ఎవరి నడుం ఎంతకాలం నిలబడుతుందో అది కొంతవరకు తేలుస్తుంది.

1990ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటల్ గదులు శుభ్రం చేసే కార్మికులతో ఒక అధ్యయనం జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పామ్ టౌ లీ, నిక్లాస్ క్రౌస్ దాన్ని నడిపించారు. అప్పటిదాకా హోటల్ యూనియన్లూ యాజమాన్యాలూ జీతాల గురించి, సెలవుల గురించి బేరమాడుకునేవి. ఆరోగ్య పరిశోధకులు ఆ చర్చల్లోకి వచ్చేవారు కాదు. వీళ్లు వచ్చారు, పైగా తాము ముందే తయారుచేసుకున్న ప్రశ్నలతో రాలేదు. గదులు తుడిచే ఆడవాళ్లతో కూర్చుని ఏం అడగాలో వాళ్లనే అడిగారు. ప్రశ్నాపత్రం తయారీలో, దాన్ని తోటివాళ్ల దగ్గరికి తీసుకెళ్లడంలో, వచ్చిన ఫలితాలకు అర్థం చెప్పడంలో కార్మికులే భాగస్వాములయ్యారు. నాలుగు హోటళ్లలో 258 మంది సమాధానాలిచ్చారు. నాలుగింట మూడొంతులకు పైగా మంది తమకు పని వల్ల వచ్చిన నొప్పి ఉందన్నారు.

ఆ తర్వాత జరిగింది నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపిస్తుంది. ఒప్పందం చర్చల బల్ల ముందు ఆ ఫలితాలను కార్మికులే వివరించారు. రోజుకు గరిష్ఠంగా 15 గదులన్న లెక్క 14కు తగ్గింది. ఒక్క గదే కదా అని మీకనిపించవచ్చు. ఎనిమిది గంటల షిఫ్టులో 15 గదులంటే ఒక్కో గదికి సుమారు అరగంట. అందులోనే ట్రాలీ సర్దుకోవడం, లిఫ్టు కోసం నిలబడటం, భోజనం, మరుగుదొడ్డికి వెళ్లడం అన్నీ ఇమడాలి. ఆ పదిహేనో గది వచ్చేది సాధారణంగా అన్నం తినాల్సిన సమయంలోంచే.

ఒక చెకౌట్ గదిలో పని ఏమిటో మీరు ప్రాక్టికల్స్‌లో చేశారు, కానీ రోజూ పదేళ్లపాటు చేయలేదు. వాడిన దుప్పట్లు లాగి సంచిలో వేయాలి. పరుపు మూల ఒక చేత్తో ఎత్తిపట్టి రెండో చేత్తో షీటు లోపలికి మడవాలి. ఇలా నాలుగు మూలలూ, పరిచే ప్రతి షీటుకూ చేయాలి. దిండ్లన్నిటికీ గలీబులు తొడగాలి. బాత్రూములో మోకాళ్ల మీద కూర్చుని నేల తోమాలి, వెంటనే లేచి చేతులు తలపైకెత్తి షవర్ గోడ తుడవాలి. కార్పెట్ మీద నిండు ట్రాలీని తోయాలి. వీటిలో ఏ ఒక్కటీ మోయలేని బరువు కాదు. కానీ వంగడం, లేవడం, చేయి చాచడం, మెలి తిరగడం విరామం లేకుండా వందలసార్లు జరిగితే కండరాలు, నరాలు, వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు కోలుకునే సమయం దొరకదు. గాయం ఒక్క దెబ్బతో వచ్చేది కాదు, మెల్లగా పేరుకుంటుంది. అందుకే యాక్సిడెంట్ రిజిస్టరులో అది కనపడదు.

1999లో వెస్టిన్ హోటళ్లు ‘హెవెన్లీ బెడ్’ పేరుతో మందపాటి పరుపు, ఎక్కువ దిండ్లు, ఎక్కువ పొరల పక్క తెచ్చాయి. మిగతా పెద్ద హోటళ్లూ అదే దారి పట్టాయి. అతిథికి హాయిగానే ఉంది, నేను కాదనను. పరుపు బరువెక్కింది, షీట్లు పెరిగాయి. వాటితోపాటు గదికిచ్చే నిమిషాలు పెరగలేదని కార్మికులు చెబుతూ వచ్చారు. పని ముమ్మరం కావడమంటే ఇదే. ‘ఎన్ని గదులు’ అన్న అంకె మారకుండానే పని పెరుగుతుంది. మీరు కాగితం మీద గదులు మాత్రమే లెక్కబెడితే ఈ పెరిగిన భాగం మీ కంటికి ఆనదు.

క్రౌస్ బృందం తర్వాత లాస్‌వేగాస్‌లో హోటల్ గదులు శుభ్రం చేసే 941 మందిని అడిగింది. అంతకు ముందు నాలుగు వారాల్లో తీవ్రమైన నడుం నొప్పి వచ్చినవాళ్లు 63 శాతం, వీపు పైభాగంలో వచ్చినవాళ్లు 59 శాతం, మెడలో వచ్చినవాళ్లు 43 శాతం. శరీర శ్రమ భారం అందరికన్నా ఎక్కువున్న పాతిక శాతం మందిని, అందరికన్నా తక్కువున్న పాతిక శాతంతో పోల్చి చూశారు. తీవ్రమైన నొప్పి చెప్పే అవకాశం మొదటివారిలో మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువగా తేలింది.

అదే సర్వే నుంచి 2005లో ఇంకో వ్యాసం వచ్చింది. ఏడాదిలో పని వల్ల నొప్పి వచ్చినవాళ్లు 75 శాతం. యాజమాన్యానికి చెప్పినవాళ్లు 31 శాతం. పరిహారం కోసం దరఖాస్తు పెట్టినవాళ్లు 20 శాతం. ఆ దరఖాస్తుల్లో 35 శాతం తిరస్కరించారు. ఈ మెట్లు దిగుతూ పోతే చివర్లో మిగిలేదే కంపెనీ రికార్డు. ‘మా దగ్గర గాయాలు తక్కువండీ’ అని రేపు మీ మేనేజరు అంటే ఆయన అబద్ధం చెప్పకపోవచ్చు. ఆయన చూస్తున్నది చివరి మెట్టును. చెబితే పని పోతుందన్న భయం, నడుం నొప్పి ఈ పనిలో మామూలేనన్న నమ్మకం, ఎవరికి చెప్పాలో తెలియకపోవడం, ఇవన్నీ నొప్పి మాటను పై మెట్లలోనే ఆపేస్తాయి. ఇవి మన ఊళ్లలోనూ ఉన్నవే.

నేను అందరికీ చెప్పే మరో అధ్యయనం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ బుకానన్, మరికొందరు కలిసి 2010లో ప్రచురించింది. అయిదు కంపెనీలకు చెందిన 50 హోటళ్లలో, 2003 నుంచి 2005 వరకు కంపెనీలు స్వయంగా నమోదుచేసిన గాయాలను తీసుకున్నారు. అంటే ఇందాక చెప్పిన చివరి మెట్టు లెక్కలు. ఏడాదికి ప్రతి 100 మందిలో సగటున 5.2 గాయాలు. గదులు శుభ్రం చేసేవారిలో 7.9. వారిలో లాటిన్ అమెరికా మూలాలున్న ఆడవాళ్లకు 10.6. వంటగదిలో కోతలు, కాలిన గాయాలు, జారిపడటాలు ఎక్కువ. ఇంకో సంగతి కూడా తేలింది. మూడు కంపెనీల్లో గాయాల రేటు మిగతా రెండింటి కంటే దాదాపు రెట్టింపు. అదే దేశం, అదే తరహా హోటళ్లు, అదే పని. పని ఎలా పంచారు, ఏ పరికరాలిచ్చారు, ఎంత తొందరపెట్టారు అన్నవాటిలోనే దీనికి కారణం వెతకాలి. గాయాన్ని మనిషి బలహీనతగా చూసేవాళ్లకు జవాబుగా ఈ ఒక్క అంకె చాలు.

ఇక్కడ మీరు ఇంటర్నెట్‌లో తప్పక చూసి ఉండే ఒక ప్రయోగం గురించి నా అభిప్రాయం చెప్పాలి. 2007లో ప్రచురించిన ఆ ప్రయోగాన్ని మనస్తత్వ పరిశోధకులు ఆలియా క్రమ్, ఎలెన్ లాంగర్ ఏడు హోటళ్లలో 84 మంది రూమ్ అటెండెంట్ల మీద చేశారు. మీరు చేసే పనే మంచి వ్యాయామమని వాళ్లలో కొందరికి వివరంగా చెప్పారు. నాలుగు వారాల తర్వాత వాళ్ల బరువు, రక్తపోటు కాస్త తగ్గాయని రాశారు. మనసుకు శరీరం మీద ప్రభావముందని చూపడానికి అది ఆసక్తికరమైన ప్రయోగమే. కానీ దాన్ని పట్టుకుని ‘ఈ పని వీళ్లకు జిమ్ లాంటిదే’ అనే వాళ్లను చూశాను. అది చాలా తప్పు. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి చూపిస్తున్నది దీనికి భిన్నం. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుంది, బతుకుతెరువు కోసం గంటల కొద్దీ చేసే బరువు పని మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. వ్యాయామంలో అలసిపోతే ఆగుతాం. షిఫ్టులో ఆగడం మన చేతుల్లో ఉండదు. కార్మికురాలి మనసు మార్చడం కంటే ఆమె గదుల లెక్క మార్చడం ముందు జరగాలని నేను గట్టిగా అంటాను.

ఈ పరిశోధనలన్నీ కలిసి చివరికి ఒక నిబంధనకు దారితీశాయి. 2011లో కాలిఫోర్నియా శాసనసభలో మూలలకు సాగే అల్లిక ఉన్న షీట్లు, పొడుగు కర్ర మాపులు ఇవ్వాలని ఒక బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. 2012లో యూనియన్ కార్మిక భద్రతా బోర్డుకు అర్జీ పెట్టుకుంది. ఆరేళ్ల విచారణల తర్వాత 2018 జూలై 1 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. హోటల్ గదులు శుభ్రం చేసేవారి కండరాల, కీళ్ల గాయాలు నివారించడానికే అమెరికాలో వచ్చిన మొదటి నిబంధన అది. ప్రతి హోటల్ తన దగ్గర ప్రమాదాలెక్కడున్నాయో పరిశీలించాలి, ఆ పరిశీలనలో గదులు శుభ్రం చేసేవాళ్లు పాల్గొనాలి. అతివేగం, విశ్రాంతికి సమయం చాలకపోవడం కూడా ప్రమాదాల జాబితాలో చేరాయి. వేగాన్ని ప్రమాదంగా చట్టం గుర్తించడం చిన్న విషయం కాదు.

వంటగది గురించి తక్కువ మాట్లాడతాను, అది వేరే ప్రసంగానికి సరిపడా విషయం. అధిక వేడి మీద వేపుడు నుంచి వచ్చే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బహుశా క్యాన్సర్ కారకమైన వాటి వర్గంలో చేర్చింది. లక్నోలోని భారత విషశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు అక్కడి వంటవాళ్లను పరిశీలించి, వేడికీ పొగకూ గురవుతున్నవాళ్ల మూత్రంలో కిడ్నీ దెబ్బతినడానికి తొలి సూచన అయిన అల్బుమిన్ ఎక్కువగా ఉందని 2016లో ప్రచురించారు. దోసె పెనం ముందు, తందూరు భట్టీ ముందు నిలబడే మాస్టర్లకు చెమట ధారాళంగా పోతుంది, నీళ్లు తాగే తీరిక ఉండదు. కోవిడ్ కాలంలో కాలిఫోర్నియాలో పనిచేసే వయసువారి మరణాలను వృత్తుల వారీగా చూస్తే, వంటవాళ్లలో అంతకు ముందు ఏళ్లకంటే మరణాలు 60 శాతం పెరిగినట్టు తేలింది. ఇరుకు గది, చాలని గాలి, సెలవు పెడితే జీతం ఉండదు. ఈ మూడూ కోవిడ్‌కు ముందు నుంచీ ఉన్నవే.

మనసు సంగతి కూడా చెప్పాలి. 2016లో షికాగోలో హోటల్, కాసినో కార్మికుల యూనియన్ దాదాపు 500 మంది ఆడవాళ్లను అడిగితే, హోటళ్లలో పనిచేసేవారిలో 58 శాతం అతిథుల నుంచి లైంగిక వేధింపు ఎదురైందన్నారు. మరుసటి ఏడే గదుల్లో ఒంటరిగా పనిచేసేవాళ్లకు అత్యవసర బటన్ ఇవ్వాలని ఆ నగరం ఉత్తర్వు చేసింది. పనిచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను అరికట్టే మన 2013 చట్టం కూడా పనిచోటికి వచ్చే బయటివాళ్ల నుంచి రక్షణ కల్పించే బాధ్యత యజమానిదేనని చెబుతుంది. అతిథి అందులోకే వస్తాడు. ‘కస్టమరు కదమ్మా, సర్దుకో’ అనే హక్కు సూపర్‌వైజరుకు లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

విశాఖ బీచ్ రోడ్డులోనో, తిరుపతి లాడ్జీల్లోనో, హైదరాబాదు స్టార్ హోటళ్లలోనో మీరు చేరినప్పుడు లెక్కలు శాన్‌ఫ్రాన్సిస్కో లెక్కల్లా ఉండవు. చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. సర్వర్లు, మాస్టర్లు బ్రేక్ షిఫ్టులో పొద్దున ఒక పూట, రాత్రి ఒక పూట చేసి, మధ్యలో ఇంటికి వెళ్లి రాలేక స్టోర్ రూములో నడుం వాలుస్తారు. అయినా చేతిలో కొన్ని పనిముట్లున్నాయి. నెలకు 21,000 రూపాయల లోపు జీతమైతే, కాంట్రాక్టు ఉద్యోగికైనా ఈఎస్ఐ వర్తిస్తుంది. కార్డు చేతికి వచ్చిందో లేదో చూడటం మీ పని. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వృత్తి భద్రత కోడ్ అనే కేంద్ర చట్టం, నిర్ణయించిన వయసు, తరగతుల ఉద్యోగులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించమంటుంది. ఆ పరీక్షను బీపీ, షుగర్‌తో ముగించకండి. నడుం, భుజం, మణికట్టు, నిద్ర గురించి అడగమనండి. వంటవాళ్లకు మూత్ర పరీక్ష చేయించమనండి. ఆ వివరాలు మేనేజరు బల్ల మీదికి పేర్లతో రాకూడదు. లెక్కలుగా మాత్రమే రావాలి. లేకపోతే ఎవరూ నిజం చెప్పరు.

మీ నుంచి ఒకటి కోరుతున్నాను. వచ్చే నెల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వెళ్తున్నారు. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ ఎవరికి ఎన్ని గదులు పడ్డాయి, వాటిలో చెకౌట్లెన్ని, అదనపు మంచాలెన్ని, మధ్యాహ్నం అన్నానికి నిజంగా ఎన్ని నిమిషాలు దొరికాయి, ఎవరు ఆగి నడుం పట్టుకున్నారు అన్నది పేర్లు లేకుండా రాయండి. రాసే ముందు అక్కడ పదేళ్లుగా పనిచేస్తున్న అక్కను, అన్నను అడగండి, ఇంకేం రాయాలో వాళ్లు చెబుతారు. మీకు తోచని గడి వాళ్లకు తోస్తుంది. రాసింది మొదట వాళ్లకే చూపించండి. తిరిగొచ్చాక మీ ప్రిన్సిపాల్‌గారి అనుమతితో ఒక రోజంతా మీతో కూర్చుంటాను, అన్ని పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరుస నుంచి మొదలుపెడదాం.