పద్యం నడక కొలిచే పేజీ: వెబ్ డెవలపర్లకు ఒక సొంత ప్రాజెక్టు

అందరికీ నమస్కారం.

ఆఫీసులో రోజంతా ఫారాలు, డ్యాష్‌బోర్డులు, పేమెంటు పేజీలు కట్టే వెబ్ డెవలపర్, సెలవు రోజు సొంతంగా ఏదైనా చేద్దామని కూర్చుంటే తరచు మళ్లీ ఆ పనే చేస్తాడు. ఇంకో పనుల జాబితా యాప్, ఇంకో వాతావరణం పేజీ. వాటిలో ఎవరూ చెయ్యనిది ఏమీ ఉండదు కాబట్టి ఇంటర్వ్యూ చేసేవాళ్లు లింకు నొక్కడం కూడా అరుదు. ఈ రోజు నేను చెప్పబోయే ప్రాజెక్టు వేరు: పద్యపాదం అతికిస్తే గురులఘువులు (బరువైన, తేలికైన అక్షరాలు) గుర్తించి, గణాలు (వాటి గుంపులు) విడదీసి, యతి (పాదం మొదటి అక్షరంతో పాదం మధ్యలో ఒక నిర్ణీత అక్షరం పొందిక) కుదిరిందో లేదో చెప్పే పేజీ.

దీనికి సర్వరు అక్కర్లేదు, డేటాబేసు అక్కర్లేదు. నియమాలు వందల ఏళ్లుగా స్థిరంగా ఉన్నాయి, మధ్యలో వచ్చి మార్చమనే క్లయింటు లేడు. అన్నిటికంటే ముఖ్యం, మీ ప్రోగ్రాం చెప్పింది ఒప్పో తప్పో మీరే వేళ్ల మీద లెక్కపెట్టి తేల్చుకోవచ్చు. సొంత ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. ఒప్పు తప్పులు మీకే తెలియని విషయం మీద కోడు రాస్తే, అది నడుస్తోందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు.

పరీక్షకు రెండు పాదాలు పెట్టుకుందాం. ఆటవెలదిలో సగం:

కోడు రాయు వాడు కొరత చూడగ లేడు
పరుల కళ్ల కదియె పట్టుబడును

కవిత్వం సంగతి వదిలెయ్యండి, నడక చూడండి. ఆటవెలది ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (ఈ గణాల జాబితా తర్వాత చెబుతాను). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి.

మొదటి పని అక్షరాలు విడదీయడం. ఇక్కడే చాలామంది జారిపడతారు. జావాస్క్రిప్టులో ‘స్త్రీ’ పొడవు అడిగితే 6 అంటుంది. మనకది ఒక్క అక్షరం. మెషీను మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన నంబర్లు) లెక్కపెట్టింది. దీనికి బ్రౌజర్‌లోనే ఇంటిల్ సెగ్మెంటర్ అనే అక్షరాలు విడదీసే సాధనం ఉంది కదా అనొచ్చు. ఉంది, కానీ దాన్ని నమ్ముకోవద్దు. యూనికోడ్ 15.1కి ముందు ఉన్న నియమం ప్రకారం అది ‘స్త్రీ’ని మూడు ముక్కలు చేస్తుంది. 2023లో వచ్చిన 15.1లో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను కలిపి ఉంచే నియమం చేరింది, అక్కణ్నుంచి ఒకటే ముక్క. అంటే మీ ల్యాప్‌టాప్‌లో నెగ్గిన టెస్టు పాత ఫోనులో ఓడిపోతుంది. సొంత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల వరుసను గుర్తించే నమూనా) రాసుకోవడమే మేలు. పది లైన్లకు మించదు.

అంకెలు రాసుకోండి. తెలుగు బ్లాకు 3072 నుంచి 3199 దాకా. హల్లులు 3093 నుంచి 3129. గుణింతపు గుర్తులు 3134 నుంచి 3148. పొల్లు 3149. అరసున్న 3073, సున్న 3074, విసర్గ 3075. నమూనా ఇలా ఉంటుంది: హల్లు, పొల్లు జంట ఎన్నిసార్లయినా రావచ్చు, తర్వాత ఒక హల్లు, తర్వాత ఉంటే ఒక గుణింతపు గుర్తు, ఆ తర్వాత ఉంటే సున్నో విసర్గో. హల్లు తర్వాత పొల్లుతోనే ఆగిపోతే అది పొల్లు హల్లు. దాన్ని విడి అక్షరంగా లెక్కించకుండా ముందు అక్షరానికి కలపాలి. అచ్చుతో మొదలయ్యే అక్షరాలకు ఇంకో చిన్న శాఖ.

విడదీసే ముందు రెండు శుభ్రతలు. ఒకటి, ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్, అంటే ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు రూపాలను ఒకే రూపానికి తేవడం. ఐత్వం 3144 అనే ఒకే కోడ్ పాయింటుగానూ రావచ్చు, 3142, 3158 అనే రెండు ముక్కలుగానూ రావచ్చు. కంటికి తేడా తెలియదు, మీ పోలికకు తెలుస్తుంది. రెండోది 8204 నంబరు, అంటే ‘వెబ్‌సైట్’లో బ కింద సకారపు వత్తు పడకుండా ఆపే కనిపించని అక్షరం. గురులఘువుల లెక్కకు దీన్ని తీసేసినా నష్టం లేదు. ఉంటే ‘వెబ్’ పొల్లు వల్ల గురువు, తీసేస్తే ‘వె’ తర్వాత సంయుక్తం రావడం వల్ల గురువు. బరువు మారదు. కానీ తెరమీద చూపించే పాఠంలో దాన్ని ఉంచాలి, లేదంటే మాట రూపమే మారుతుంది. ఇదే సంగతి ఆఫీసు పనిలోనూ పనికొస్తుంది: తెలుగు సెర్చ్ పెట్టినప్పుడు ఇండెక్సులోనూ వెతికే మాటలోనూ 8204ని తీసేయకపోతే, ఒకరు ‘వెబ్‌సైట్’ అని, ఇంకొకరు ‘వెబ్సైట్’ అని కొట్టినప్పుడు ఒకరికి ఫలితాలు వస్తాయి, రెండోవారికి రావు.

రెండో పని గురులఘువులు. దీర్ఘాచ్చు ఉంటే గురువు. సున్న, విసర్గ, పొల్లు ఉంటే గురువు. తర్వాతి అక్షరం సంయుక్తమో ద్విత్వమో అయితే ముందున్నది గురువు. మిగతావన్నీ లఘువులు. ఇంత తేలికా అనిపిస్తుంది. కష్టమంతా అంచుల్లో ఉంది.

సంస్కృతం కోసమో హిందీ కోసమో రాసిన లైబ్రరీ తెచ్చుకుంటే అది ఎకార ఒకారాలను ఎప్పుడూ దీర్ఘాలుగానే చూస్తుంది. తెలుగులో ఎ, ఒ హ్రస్వాలు. మన మొదటి పాదంలో ఏమవుతుందో చూడండి. ‘కొరత’ నిజానికి లలల (ల అంటే లఘువు, గ అంటే గురువు). దాన్ని గలల అనుకుంటే అది భగణం, ఇంద్రగణాల్లో ఒకటే కాబట్టి ప్రోగ్రాం నోరెత్తదు. తర్వాత ‘చూడగ’ కూడా భగణమే, అదీ సరే అంటుంది. చివరికి ‘లేడు’ దగ్గర రెండక్షరాలు మిగిలాయని మొత్తుకుంటుంది. తప్పు ‘కొ’ దగ్గర, ఫిర్యాదు పాదం చివర. రెండో పాదంలో అదే తప్పు ‘యె’ దగ్గరే పట్టుబడుతుంది, ఎందుకంటే లలగ అనే సూర్యగణం లేదు. అందుకే టెస్టుల్లో రెండు రకాల పాదాలూ ఉండాలి. అలాగే ఫలితంలో ఒప్పు, తప్పు అని ఊరుకోకుండా ప్రతి అక్షరం కిందా గ, ల రాసి చూపించాలి.

అరసున్న గురువును చెయ్యదు. పాత పుస్తకాల నుంచి ఎక్కించిన పాఠంలో ఇది తరచు వస్తుంది. నిండుసున్నతో కలిపి ఒకే జాబితాలో పడేస్తే అంతా తప్పుతుంది.

వట్రసుడి అచ్చు, వత్తు కాదు. ‘వికృతి’ మూడూ లఘువులే. టైపు చేసినవారు ‘విక్రుతి’ అని కొడితే ‘వి’ గురువైపోతుంది. ఇది మీ కోడు దోషం కాదు, కానీ తిట్లు మీకే పడతాయి. క్రు, త్రు లాంటివి కనిపించిన చోట ‘ఇది వట్రసుడా, రవత్తా’ అని అడిగే చిన్న సూచన పెట్టండి.

ఇక ఖాళీల సంగతి. తెలుగు మాట తర్వాత వేరే మాట సంయుక్తాక్షరంతో మొదలైతే ముందు మాట చివరి అక్షరం లఘువుగానే ఉంటుంది: ‘అది ప్రజల’లో ‘ది’ లఘువు. అదే సంస్కృత సమాసమైతే గురువు: ‘జనప్రియ’లో ‘న’ గురువు. అందుకని స్ట్రింగులో ఖాళీలన్నీ మొదటే తీసేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. అయినా ‘జన ప్రియ’ అని విడదీసి కొట్టినవారిని ప్రోగ్రాం పట్టుకోలేదు. అలాంటి అక్షరాన్ని నొక్కితే లఘువు గురువుగా, గురువు లఘువుగా మారే బటన్ పెట్టడమే దారి. ‘అద్రుచు’ లాంటి మాటల్లో రవత్తును తేల్చి పలికినప్పుడు ముందక్షరం లఘువుగా ఉండే సందర్భాలకూ అదే బటన్ సరిపోతుంది.

గణాల దగ్గరికి వస్తే వృత్తాలు (గురులఘువుల వరుస ముందే స్థిరంగా ఉండే పద్యాలు) బహు సులువు. ఉత్పలమాల భ ర న భ భ ర వ అనే గణాలు, ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. రెండు స్ట్రింగులు పోల్చడమే పని. ఒక చిట్కా: ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే సరిగ్గా చంపకమాల వస్తుంది, యతి పదకొండుకు జరుగుతుంది. శార్దూలానికి అదే చేస్తే మత్తేభం, యతి పదమూడు నుంచి పద్నాలుగుకు. కాబట్టి నాలుగు వృత్తాలకు రెండు నమూనాలు చాలు. చంపకమాలలో ఒక పాదం ఉత్పలమాలగా జారిపోతే ఆ మాట సూటిగా చెప్పే సందేశం కూడా ఇవ్వగలరు.

ఆటవెలది, తేటగీతి, సీసం చూడగానే ఇక్కడ బ్యాక్‌ట్రాకింగు (వెనక్కి వచ్చి ఇంకో దారి ప్రయత్నించడం) కావాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. సూర్యగణాలు రెండు: లలల, గల. ఇంద్రగణాలు ఆరు: లలలగ, లలలల, లలగల, గలల, గలగ, గగల. ఏ గుంపులోనైనా ఒక గణం ఇంకో గణానికి మొదలు కాదని గమనించండి. పాదంలో ఏ స్థానంలో ఏ గుంపు రావాలో ముందే తెలుసు కాబట్టి ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చదివితే చాలు, అర్థం ఒకటే వస్తుంది. మన మొదటి పాదం గల, గల, గల, లలలగ, లలగల. ఎక్కడ ఆగిపోతే ఆ అక్షరం నంబరు చెప్పండి. కందం గణాలకూ ఇదే గుణం ఉంది కానీ, బేసి స్థానాల్లో జగణం (లగల) రాకూడదు, ఆరో గణం నలమో (లలలల) జగణమో కావాలి లాంటి అదనపు షరతులున్నాయి. దాన్ని రెండో విడతకు వాయిదా వెయ్యండి.

యతే అసలు పరీక్ష. హల్లుకు హల్లు కుదరాలి, దాని మీది అచ్చుకు అచ్చూ కుదరాలి. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒకటి. ఉ, ఊ, ఒ, ఓ ఒకటి. అందుకే మన పాదంలో ‘కో’కి ‘కొ’ చెల్లింది. హల్లుల్లో ప్రతి వర్గంలో మొదటి నాలుగక్షరాలూ తమలో తాము చెల్లుతాయి. చ వర్గానికి శ, ష, స కలుస్తాయి. సంయుక్తంలో ఏ హల్లుతోనైనా యతి వెయ్యొచ్చు కనుక ‘క్ష’ దగ్గర క, ష రెండూ ప్రయత్నించాలి. ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొందిక) వేసినా సరే.

ఇంత చేసినా సంధి దగ్గర ప్రోగ్రాం ఆగిపోతుంది. ‘కళ్ల కదియె’లో కకారం వెనక ‘అదియె’లోని అకారం దాక్కుని ఉంది. యతిస్థానం అలాంటి చోట పడితే ఆ అచ్చుతో యతి చెల్లుతుంది. పదచ్ఛేదం తెలియని కోడుకు అది కనిపించదు. కాబట్టి ఫలితం రెండు రకాలు కాదు, మూడు: కుదిరింది, కుదరలేదు, మనిషి చూడాలి. సంధి జరిగే అవకాశమున్న చోట ‘యతి తప్పింది’ అని ఎర్ర రంగులో రాసే పేజీని ఛందస్సు తెలిసినవారు రెండోసారి తెరవరు.

చూపించే భాగంలో మీకు తెలిసిన పనే ఎక్కువ. గురులఘు చిహ్నాలకు రూబీ ట్యాగు (అక్షరానికి ఆనించి చిన్న గుర్తు చూపించేది) చక్కగా సరిపోతుంది. స్పాన్ ట్యాగులు అక్షరాల మధ్యే పడాలి. కోడ్ పాయింట్ల మధ్య పడితే వత్తులు విడిపోయి చుక్కల వలయాలు బయటపడతాయి. లైన్ ఎత్తు 1.8 దగ్గర మొదలుపెట్టండి, వత్తులకు కింద చోటు కావాలి. అక్షరాల మధ్య ఎడం పెంచవద్దు. ఫాంటు సబ్‌సెట్ చేస్తే (వాడే అక్షరాలు మాత్రమే ఉంచి చిన్నది చేస్తే) తెలుగు బ్లాకు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి: 8204, 8205, చుక్కల వలయం 9676 కూడా ఉంచాలి. పద్యం చివర పెట్టే దండం దేవనాగరి బ్లాకులో ఉంది, నంబరు 2404. అది మరిచిపోతే ఆ ఒక్క గీత మాత్రం వేరే ఫాంటులో వస్తుంది. ముక్కలైన పాదాన్ని స్క్రీన్ రీడర్ అక్షరం అక్షరంగా చదివే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని రీడరుకు కనబడకుండా చేసి, మామూలు పాదాన్ని పక్కన ఉంచండి.

ఇదంతా ఉద్యోగం మారడానికి పనికొస్తుందా? ఈ ఒక్క పేజీ చాలదు, కానీ తలుపు ఎటు ఉందో చూపిస్తుంది. యూనికోడ్ భాగం మీకు నచ్చితే లోకలైజేషన్ ఇంజినీరింగ్ దగ్గర. అక్కడ అదనంగా సీఎల్‌డీఆర్ డేటా (తేదీలు, అంకెలు ఒక్కో భాషలో ఎలా రాస్తారో చెప్పే యూనికోడ్ సమాచారం), ఐసీయూ సందేశాల రూపం (అనువాదానికి వీలుగా సందేశాలు రాసే పద్ధతి) నేర్చుకోవాలి. వత్తులు ఎలా కూడుకుంటాయన్నది మిమ్మల్ని పట్టుకుంటే ఫాంట్ ఇంజినీరింగ్: పైతాన్, ఫాంట్‌టూల్స్, ఓపెన్‌టైప్ నియమాలు, హార్ఫ్‌బజ్ (అక్షరాలను కూర్చి పేర్చే లైబ్రరీ). ఉచ్చారణ వైపు మొగ్గితే స్పీచ్ రంగం. రెజ్యూమేలో ‘తెలుగు ఛందస్సు యాప్’ అని రాస్తే తెలుగు రాని మేనేజరుకు ఏమీ అర్థం కాదు. ‘సంక్లిష్ట లిపికి అక్షర విభజన, ఒకే పాస్‌లో పార్సర్, బ్రౌజర్ వెర్షన్ల తేడాలకు టెస్టులు’ అని రాయండి, లింకు పక్కన పెట్టండి.

బయటపెట్టే ముందు కాగితాలు చూసుకోండి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. మీ నియామక పత్రంలో దీనికంటే విస్తృతమైన షరతు ఉండొచ్చు, చదవండి. ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు ఖాతా ఈ పనికి వాడకండి. టెస్టులకు పెట్టే పద్యాలకూ హక్కులుంటాయి: మన దేశంలో కవి జీవితకాలం, ఆపై మరణించిన మరుసటి ఏడాది నుంచి లెక్కిస్తే 60 ఏళ్లు. శతక కవులతో ఇబ్బంది లేదు, నిన్నమొన్నటి అవధానుల పద్యాలతో ఉంటుంది. కోడుకు లైసెన్సు ఫైలు మొదటి కమిట్‌లోనే పెట్టండి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్న ఫాంటును మీ రిపాజిటరీలో ఉంచితే దాని లైసెన్సు ప్రతి కూడా దాంతోపాటు ఉండాలి.

ఇక ప్రశ్నలు అడగండి.