జైలులో పంటి వైద్యం: డాక్టరు ఉంటే సరిపోతుందా?

నమస్కారం. జైళ్లలో పంటి వైద్యం ప్రస్తావన రాగానే, "ఒక డెంటిస్టును నియమిస్తే సరిపోతుంది కదా" అనే మాట వినిపిస్తుంది. అది విన్న ప్రతిసారీ నాకు విసుగు వస్తుంది. డాక్టరు, కుర్చీ, పరికరాలు అన్నీ ఉన్నచోట కూడా ఖైదీలు కాపాడుకోదగ్గ పళ్లను పీకించుకోవలసి వస్తుంది. ఎందుకో తెలియాలంటే ఒక ఖైదీ కింది దవడలో, వెనకగా ఉన్న ఒక్క దంతం వెంట వెళ్లి చూడాలి.

ఆ దంతానికి చిన్న పుచ్చు ఉంది. ఈ దశలో పూడిస్తే కథ ముగిసేది. కానీ జైలుకు వచ్చిన రోజు జరిగిన వైద్యపరీక్షలో ఎవరూ అతని నోరు తెరిపించి చూడలేదు. చన్నీళ్లకు పన్ను జివ్వుమన్న రోజున అతను అర్జీ పెట్టుకుంటాడు. అది వార్డరు చేతి నుంచి ఆరోగ్య విభాగానికి చేరాలి, వంతు రావాలి, వచ్చిన రోజున అతన్ని తీసుకువెళ్లడానికి ఎస్కార్టు దొరకాలి. ఆ రోజు సిబ్బంది అంతా కోర్టు వాయిదాలకు వెళ్లిపోతే డాక్టరు ఖాళీగా కూర్చుంటారు, మన దంతం మాత్రం బ్యారక్‌లోనే ఉండిపోతుంది. ఈలోగా వేరే జైలుకు బదిలీ అయితే వంతు మళ్లీ మొదటికి వస్తుంది.

జైళ్లలో ఇచ్చే టూత్‌బ్రష్షు సంగతి కూడా చెప్పాలి. పిడిని అరగదీసి ఆయుధంగా మారుస్తారన్న భయంతో చాలాచోట్ల పొట్టి పిడి బ్రష్షులు, వేలికి తొడుక్కునేవి ఇస్తారు. భయం అర్థం లేనిది కాదు, కానీ వాటితో వెనక పళ్లను సరిగా తోమడం కష్టం.

పుచ్చు నాడిని చేరాక నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ ఇస్తారు. వాపు తగ్గుతుంది, కానీ చీముకు మూలమైన చచ్చిన నాడి పంటిలోనే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ వాస్తుంది. ఆ ఇన్ఫెక్షన్ నాలుక కిందికీ మెడలోకీ పాకితే ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. పగలు దొరకని ఎస్కార్టు అప్పుడు అర్ధరాత్రి కూడా దొరుకుతుంది!

ఇందులో దయాదాక్షిణ్యాల ప్రశ్న లేదు. 2015లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలో 24వది సమాజంలో అందరికీ అందే స్థాయి వైద్యమే ఖైదీలకూ అందాలని చెబుతుంది. 25వది అర్హుడైన దంతవైద్యుని సేవలు ప్రతి ఖైదీకీ అందుబాటులో ఉండాలని నిర్దేశిస్తుంది.

సమయం అయిపోవస్తోంది కనుక పరిష్కారాలు త్వరగా చెబుతాను. ప్రవేశ పరీక్షలోనే నర్సు నోటిని చూసి, ఎవరిది అత్యవసరమో తేల్చాలి. డ్రిల్లు అవసరం లేకుండా పుచ్చు మీద పూసి దాన్ని ఆపగలిగే సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పూసినచోట నల్లబడుతుంది, నాడి దెబ్బతిన్నాక పనికిరాదు, కానీ మన దంతానికి మొదటి వారంలోనే అది పూసి ఉండవచ్చు. డెంటల్ క్లినిక్ రోజుల్లో ఎస్కార్టును వేరే పనికి మళ్లించకూడదు. బదిలీ అయిన ఖైదీ వెంట అతని పంటి రికార్డూ, అర్జీ తేదీ ప్రకారం అతని వంతూ వెళ్లాలి. చికిత్స మధ్యలో విడుదలయ్యేవారికి ఎక్స్‌రేలు, బయట ఏ ఆసుపత్రిలో కొనసాగించాలో రాసిన కాగితం చేతికిచ్చి పంపాలి.